పాత డీజిల్ బండిలో రేస్ పట్టేస్తోందా? పంపు మార్పించే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో పాత డీజిల్ లారీ గాని, టాటా 407 లాంటి చిన్న బండి గాని కొనబోయేవారికీ, ఉన్న బండికి రేస్ పట్టేస్తోందని షెడ్డుకు తీసుకువెళ్లబోయేవారికీ ఈ హెచ్చరిక. పెడల్ మీది నుంచి కాలు తీసినా ఇంజన్ రేస్ తగ్గనప్పుడు, పెడల్ నుంచి డీజిల్ పంపుకు వెళ్లే కేబుల్ ఊడదీసి చూడకుండానే, ఇంజన్‌కు డీజిల్ కొలిచి పంపే ఆ పంపు పోయిందని తేల్చే షాపుకు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. కేబుల్ లాగే పంపు లివరుకు కంపెనీ స్ప్రింగు కాక మరో స్ప్రింగు తగిలించి ఉన్న బండిని, దాన్ని తీయించి నడిపి చూడనిదే కొనకండి. ఈ రెండు దెబ్బలూ మాకు ఒకే బండి మీద తగిలాయి.

మాది టెంట్ హౌస్. శామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు తిప్పడానికి పెళ్లిళ్ల సీజను ముందు పాత బళ్లు అమ్మే ఒక డీలరు దగ్గర టాటా 407 కొన్నాము. ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఆ కాగితం తాజాగా ఉంటే కొనేవారికి ధైర్యం వస్తుంది గాని, అప్పుడప్పుడు మాత్రమే బయటపడే ఇలాంటి లోపం ఆ కాగితంలో కనిపించదు. పెడల్ మామూలు కంటే బరువుగా ఉందని ట్రయల్‌లోనే మా డ్రైవరు అన్నాడు. "పాత బండి గద సేటూ, పెడల్ గట్లనే ఉంటది, నడుస్తుంటే అదే సాఫ్ అయితది" అని డీలరు నవ్వుతూ కొట్టిపారేశాడు.

అసలు సంగతి ఏమిటంటే, కేబుల్ ఎప్పటి నుంచో పట్టేస్తోంది. దాన్ని బాగుచేయించకుండా, లివరును బలవంతంగా వెనక్కి లాగడానికి లావుపాటి స్ప్రింగు ఒకటి తగిలించారు. దాని ఒక కొక్కెం పంపు లివరు రంధ్రంలో, రెండోది పక్కనున్న బ్రాకెట్ బోల్టుకు ఉన్నాయి. బండి నిండా మసి, జిడ్డు పట్టి ఉంటే ఆ కొక్కేలు ఒరుసుకున్న చోట మాత్రం ఇనుము తళతళలాడుతోంది. అలాంటి స్ప్రింగు కొంతకాలం లోపాన్ని కప్పిపెడుతుంది, ఈలోగా కేబుల్ పోగుల మీద మరింత ఒత్తిడి పెంచుతుంది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు సామానుతో వస్తుండగా ఆ స్ప్రింగు తెగింది. రేస్ పైనే నిలిచిపోయింది. మా డ్రైవరు అనుభవం ఉన్నవాడు కాబట్టి క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, బండిని ఎడమవైపు ఆపి, స్టాప్ వైరు లాగి ఇంజన్ ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ స్టాప్ వైరు సంగతి గుర్తుంచుకోండి, తరువాత జరిగిన మోసమంతా దాని చుట్టూనే తిరిగింది.

పంపు రిపేరు చేస్తామని బోర్డు పెట్టుకున్న ఒక షాపుకు బండి తీసుకువెళ్లాము. అక్కడి మిస్త్రీ బానెట్ ఎత్తి, పెడల్‌ను రెండుసార్లు తొక్కించి, "పంపు ఖరాబైంది, లోపల రాక్ పట్టేసింది, ఇగ మార్చుడే" అన్నాడు. రాక్ అంటే ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఎలిమెంటు, అంటే డీజిల్ తోసే చిన్న పంపు, వరుసగా ఉండే రకం) లోపల అటూ ఇటూ జరుగుతూ, ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే పళ్ల కడ్డీ. డీజిల్‌లో నీళ్లు కలిసి అది తుప్పు పట్టడం, నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో జిగురు కట్టి బిగుసుకుపోవడం నిజంగానే జరుగుతాయి, అందుకే ఆ మాట విన్నవారికి నమ్మబుద్ధి అవుతుంది. అయితే మా బండిలో ఉన్నటువంటి ఇన్‌లైన్ పంపులో స్టాప్ వైరు చేసే పని కూడా అదే రాక్‌ను సున్నా వైపు లాగడమే. రాక్ నిజంగా బిగుసుకుపోయి ఉంటే స్టాప్ వైరు లాగినా ఇంజన్ ఆగకూడదు. మా బండిలో వైరు లాగిన ప్రతిసారీ ఇంజన్ వెంటనే ఆగింది. అంటే రాక్ స్వేచ్ఛగా కదులుతోందన్నమాట. ఈ మాట మా డ్రైవరు అడిగితే మిస్త్రీ జవాబు చెప్పకుండా, "నువ్వు మిస్త్రీవా, నేను మిస్త్రీనా" అని గద్దించాడు. కరెంటు సోలెనాయిడ్‌తో (కరెంటుతో కదిలే చిన్న కవాటం) ఆగే, ఒకే భాగం తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రోటరీ పంపు ఉన్న బళ్లకు ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే సోలెనాయిడ్ డీజిల్ దారినే మూసేస్తుంది.

చివరికి పాత పంపును ఎక్స్ఛేంజ్‌లో తీసుకుని, రీకండిషన్ పంపు బిగించి, పదుల వేలల్లో బిల్లు చేశారు. ఆ బిల్లులో థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అని విడిగా ఒక పద్దు కూడా ఉంది. పెట్రోలు బండిలో పెడల్ గాలిని తగ్గించి పెంచుతుంది కాబట్టి అక్కడ థ్రాటిల్ రెక్క ఉంటుంది. మా 407 లాంటి మెకానికల్ పంపు డీజిల్ బండిలో గాలి ఎప్పుడూ తెరిచిన దారిలోనే వెళుతుంది, పెడల్ తగ్గించి పెంచేది డీజిల్‌ను మాత్రమే. లేని భాగాన్ని కడిగినందుకు డబ్బు వసూలు చేసిన ఘనత ఆ షాపుది! పైగా ఆ క్లీనర్ స్ప్రేలను నడుస్తున్న డీజిల్ ఇంజన్ గాలి గొట్టంలో కొట్టడం ప్రమాదకరం, ఎందుకంటే అది కూడా ఇంధనంగానే మండి, పంపు అదుపు లేకుండా ఇంజన్‌ను పరుగెత్తిస్తుంది.

కొత్తగా బిగించిన పంపుతో బండి నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది, ఐడిలింగ్ పెరిగింది, కొద్ది రోజులకే రేస్ మళ్లీ పట్టేసింది. కాలిబ్రేషన్ షీటు ఇవ్వమంటే ఇవ్వలేదు. పంపును టెస్ట్ బెంచి మీద పెట్టి, ఏ ఆర్‌పీఎంలో ఒక్కో ఎలిమెంటు ఎంత డీజిల్ ఇస్తోందో కొలిచి రాసే కాగితం అది. అది లేని రీకండిషన్ పంపు అంటే కడిగి రంగు వేసిన పాత పంపు అనే అనుకోవాలి. పంపు మీది సీలు తెంచి, ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే ఫుల్ లోడ్ స్క్రూ తిప్పి ఉంటే మొదట లాగుడు బాగున్నట్టే అనిపిస్తుంది, నల్ల పొగ, డీజిల్ ఖర్చు తరువాత తెలుస్తాయి. మా పాత పంపు తిరిగి ఇమ్మంటే అది ఎప్పుడో వెళ్లిపోయిందన్నారు.

లోపం పట్టుకున్నది ఆటోనగర్‌లో ఒక వయసు మళ్లిన ఉస్తాద్. ఆయన ముందు ఇంజన్ ఆపించి, పంపు లివరు దగ్గర కేబుల్ ఊడదీసి, వేలితో లివరును చివరిదాకా లాగి వదిలారు. అది టక్కుమని వెనక్కి వచ్చి స్క్రూకు తగిలింది. "పంపుకేం కాలేదు బిడ్డా" అన్నారు. ఆ తరువాత ఊడదీసిన కేబుల్ కొనను చేత్తో లాగించి, మా డ్రైవరును పెడల్ తొక్కి వదలమన్నారు. లోపలి తీగ సగం వరకు వచ్చి గరగరమంటూ ఆగింది. కేబుల్ పొడవునా తడిమితే, సైలెన్సరు పైపు పక్క నుంచి వెళ్లే చోట జానెడు మేర పై తొడుగు మెత్తబడి ఉంది. కోసి చూస్తే లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అంటుకుంది, తీగ పోగులు కొన్ని తెగి ముళ్లలా నిలబడ్డాయి. ఉదయం బాగానే ఉండి, ఇంజన్ వేడెక్కాకే ఎందుకు పట్టేస్తోందో అప్పుడు అర్థమైంది. రాణిగంజ్‌లో కొత్త కేబుల్ కొన్ని వందల రూపాయలకే దొరికింది. ఉస్తాద్ దాన్ని సైలెన్సరుకు దూరంగా, ఎక్కడా మెలిక పడకుండా తిప్పి, క్లిప్పులు వేసి బిగించారు. ప్లాస్టిక్ లైనరు ఉన్న కేబుల్‌లో గ్రీజు కూరవద్దని, అది దుమ్మును పట్టుకుని మళ్లీ అదే రోగం తెస్తుందని కూడా చెప్పారు.

ఊడదీసి చూసినప్పుడు లివరే బద్ధకంగా వస్తే లోపం పంపు వైపే ఉన్నట్టు, అయినా మొదట లివరు షాఫ్టు తుప్పు, బలం తగ్గిన స్ప్రింగు చూడాలి, లోపల ఇంజన్ వేగాన్ని అదుపుచేసే గవర్నరు, రాక్ ఆ తరువాతే. లివరు చక్కగా వెనక్కి వచ్చినా ఇంజన్ రేస్ మాత్రం తగ్గకపోతే అప్పుడు పంపు విప్పించే మాటలో అర్థం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడో, లోడు మీదో మాత్రమే రేస్ పట్టేస్తుంటే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు అరిగి, ఇంజన్ పక్కకు ఒరిగి కేబుల్‌ను తనే లాగుతోందేమో చూడాలి. ఇక పెడల్ కింద ముడుచుకున్న మ్యాటు, ఎండిపోయిన పెడల్ బుష్ లాంటివి చూడడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

స్టాప్ వైరు లాగినా ఇంజన్ ఆగకుండా, నీలి తెలుపు పొగతో ఇంకా పైకి వెళుతుంటే సంగతి వేరు. గాలిని ఇంజన్‌లోకి తోసే టర్బో సీలు పోయి ఇంజన్ ఆయిలే లోపలికి వెళ్లి మండుతూ ఉండవచ్చు. అప్పుడు బండిని పూర్తిగా నిలిపి, బ్రేకు గట్టిగా పట్టి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపేయాలి. వీలుకాకపోతే గాలి గొట్టం మూతిని చెక్కతో మూయాలి గాని అరచేయి అడ్డుపెట్టకూడదు. బండి కదులుతుండగా మాత్రం ఇంజన్ ఆపవద్దు, ఎందుకంటే ఇలాంటి డీజిల్ బండిలో బ్రేకుకు బలం ఇచ్చే బూస్టరుకు వాక్యూమ్ అందించే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది.

పాత బండి చూడడానికి వెళ్లినప్పుడు ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపించి, అప్పుడు పెడల్ వదిలి చూడండి. చల్లగా ఉన్నప్పుడు చూపించి పంపాలనే తొందర అమ్మేవారి దగ్గర కనిపిస్తే అనుమానించండి. పంపు విప్పించవలసి వస్తే, విప్పకముందే దాని ప్లేటు మీది టైపు నంబరు, సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి, అవే నంబర్లు బిల్లులో రాయించండి, ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకోకుండా మీ పంపునే బాగుచేయించండి. కాలిబ్రేషన్ షీటు చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఆ షాపు మీద మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. వ్యాపారం కోసం వాడే బండికి వినియోగదారుల చట్టం వర్తించదని షాపువారు దబాయించారు గాని, 2019 చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారిని ఆ మినహాయింపులో కలపరు. ఒక్క బండి నడుపుకుని బతికేవారు ఈ సంగతి తెలిసి ఉండి, జీఎస్టీ బిల్లు, బండి నంబరు, మార్చిన భాగాల పేర్లు ఉన్న కాగితం తప్పక తీసుకోవాలి. మా బిల్లులో ఉన్నదల్లా "పంపు వర్క్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్" అనే రెండు ముక్కలే, అందుకే ఏ పంపు ఇచ్చి ఏ పంపు పుచ్చుకున్నారో నిరూపించడం ఇప్పుడు కష్టమవుతోంది.