లీడ్ బ్యాంకు వాళ్ల ఫ్రీ అప్పుల కౌన్సెలింగ్: 5కి 3.5

క్రెడిట్ కార్డుల బాకీలతో సతమతమవుతున్న మా బావమరిదిని వెంటబెట్టుకుని జిల్లా లీడ్ బ్యాంకు (జిల్లాలో మిగతా బ్యాంకుల పనిని కలుపుకుని నడిపించే బ్యాంకు) నడిపే ఫైనాన్షియల్ లిటరసీ సెంటర్‌కి వెళ్లాం. పైసా ఫీజు లేదు. రిజర్వ్ బ్యాంకు చెప్పి పెట్టించిన సెంటర్లివి, కానీ మా ఊళ్లో బోర్డు మెట్ల వెనకాల ఉంటుంది, అదేంటో అక్కడి సెక్యూరిటీ అతనికే తెలియదు.

లోపల ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు, టేబులు, కాలిక్యులేటరు, అంతే. "నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం) కడుతూనే ఉన్నా సార్" అని మావాడు ధీమాగా అంటే ఆయన కాగితం మీద వేసి చూపించారు. లక్ష బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130. వాడు కట్టే 5,000లో అసలుకి పోయేది 870. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా గీకిన ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ. మావాడి నోట మాట లేదు.

తర్వాత అన్ని అప్పులూ వడ్డీ ఎక్కువ ఉన్నదాని నుంచి వరసగా రాయించి, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని ముందు కార్డులు మూసేయమన్నారు. చీటీ పాడేసుకుంటానంటే మాత్రం ఆపారు, తొందరపడి ఎక్కువ తగ్గింపుకి పాడితే ఆ నష్టం కూడా వడ్డీ లాంటిదేనట. ఈసారి భార్యను కూడా తీసుకురమ్మన్నారు, అది మావాడికి అస్సలు నచ్చలేదు, నాకు మాత్రం ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

అంతకుముందు "సగం కట్టండి, మిగతాది మేం మాఫీ చేయిస్తాం" అనే సెటిల్‌మెంట్ కంపెనీ ఒకటి (పేరు వద్దులెండి) ఫీజు తీసుకుని, ఈఎంఐలు ఆపేయమని చెప్పి వదిలేసింది. సెటిల్‌మెంట్ కావాలంటే మనమే బ్యాంకుతో మాట్లాడుకోవచ్చని, కాకపోతే సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర ఉండే రిపోర్టు) 'సెటిల్డ్', అంటే పూర్తిగా కట్టలేదని పడితే రేపు హోమ్ లోన్‌కి ఇబ్బందేనని ఈయన ముందే చెప్పారు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదట. చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తీర్చే అధికారి), అదీ ఉచితమే. సందేహాలుంటే రిజర్వ్ బ్యాంకు హెల్ప్‌లైన్ 14448.

మార్కులు ఎక్కడ తగ్గించానంటే, లోన్ యాప్‌ల సంగతి ఆయనకు పెద్దగా తెలియదు. కాంటాక్టులు లాక్కుని, ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్ల గురించి అడిగితే "పోలీసులకు చెప్పండి" అని ఊరుకున్నారు, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 నంబరు నేనే చెప్పాల్సొచ్చింది. ఖర్చు అలవాటు గురించీ "తగ్గించుకో నాయనా" తప్ప ఇంకేం లేదు. రమ్మీ, బెట్టింగ్ లాంటివి మానలేక అప్పులపాలైనవాళ్లకి ఇది సరిపోదు, వాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయడం మేలు, తెలుగులోనే మాట్లాడతారు.

వెళ్లేవాళ్లు అన్ని కార్డుల స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పు, సిబిల్ రిపోర్టు (ఏడాదికి ఒకటి ఫ్రీ) పట్టుకెళ్లండి. ఫోన్ చేస్తే ఎత్తరు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఆయన ఊళ్ల మీద క్యాంపులకి పోతారు.