పడవతో పాటు ట్రైలర్ కూడా అంటగడుతున్నారా? ముందు కాంటా వేయించండి

నర్సంపేట, ములుగు వైపు చెరువుల్లో చేపల వేటకు ఫైబర్ పడవ కొనే ఆలోచనలో ఉన్న అన్నలు ఇది చదవండి. పడవ, మోటారు, ట్రైలర్ మూడూ సెట్టుగా అమ్మే ఒకాయన దగ్గర నేనూ మా తమ్ముడూ కొన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పడవకు వంక పెట్టలేం. మోసమంతా ట్రైలర్‌లోనే.

ఎంత మోస్తదని అడిగితే, "ఏడున్నర క్వింటాళ్లు మోస్తదన్నా, నీ పడవ అయిదు క్వింటాళ్లు కూడా లేదు, ఇంకేం టెన్షన్?" అన్నాడు. కేటలాగ్‌లోనూ పడవ 480 కిలోలనే ఉంది.

ఆ 750 కిలోల్లో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్న ముక్క మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. ఇనుప చట్రం, ఇరుసు, చక్రాలు కలిపి అదే 210 కిలోలు. ఇక మోయగలిగేది 540. కేటలాగ్‌లోని 480 వట్టి బాడీ బరువు. దాని మీద మోటారు 52, బ్యాటరీ 18, రెండు పాతిక లీటర్ల క్యాన్లలో పెట్రోలు దాదాపు 37, వలలు, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు ఇంకో 60. అన్నీ కలిపితే 647. వల తడిస్తే ఆ బరువు వేరే.

బొలెరోకు తగిలించి నర్సంపేట రోడ్డు మీద వస్తుంటే గ్రీజు కాలిన వాసన. దిగి చూస్తే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరే సందు లేదు. మడ్‌గార్డు లోపల నల్లటి రబ్బరు పొడి. హబ్బు చెయ్యి పెట్టలేనంత వేడి. మర్నాడు వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు తీసుకెళ్లి మిర్చి లారీల వెనక వరసలో నిలబెట్టి కాంటా వేయిస్తే ట్రైలర్‌తో కలిపి 880 కిలోలు తేలింది. పడవ అడుగున నిలిచిన నీళ్లు కూడా అందులో ఉన్నాయి, లీటరుకు కిలో లెక్కన.

టైరు పక్కన 74 అని అంకె ఉంది, అది టైరు ఎంత మోస్తదో చెప్పే కోడు. అంటే ఒక్కో టైరు 375 కిలోలే మోస్తుంది, అదీ గాలి సరిగ్గా ఉంటే. రెండు కలిపి 750. మీరు కొనేముందు ఆ అంకె ఫోటో తీసుకోండి. చట్రం మీది ప్లేటును కొత్త రంగుతో కప్పేసి ఉంటే గీకించి చదవండి. మాది అలాగే కప్పేసి ఉంది. ట్రైలర్ ఖాళీ బరువు, మొత్తం మోయగల బరువు బిల్లు మీద విడివిడిగా రాయించండి. పడవను అన్ని సామాన్లతో తూచి, పైన కనీసం నూరు కిలోలైనా మిగిలే ట్రైలరే తీసుకోండి. మోటారు వెనకే ఉంటుంది కాబట్టి హుక్కు మీద బరువు కూడా చూడాలి. మొత్తంలో 5 నుంచి 10 శాతం ముందుకు పడకపోతే ట్రైలర్ తోక ఊపుతుంది.

ఇప్పుడాయన పెద్ద టైర్లు వేసిస్తానంటున్నాడు. ఇరుసు అదే, స్ప్రింగులు అవే అయినప్పుడు టైర్లు మారిస్తే ఏం లాభం? మేం ఒప్పుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. సొంత జీవనోపాధికి కొన్న సరుకైతే వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. బిల్లు మాత్రం పారేయకండి.