చలి దేశంలో క్యాంపర్ వ్యాన్‌కు ఏ బ్యాటరీ మేలు: ఏజీఎమ్మా, లిథియమా, సోడియమా?

బ్యాటరీ కొనేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఎంత కరెంటు దాచుకోగలదు) అని చూస్తారు. కెనడాలోని కాల్గరీలాంటి ఊళ్లో ఉంటూ, జనవరిలో కొండల్లోని బాన్ఫ్ వైపు వ్యాన్ వేసుకుని వెళ్లి అందులోనే పడుకోవాలనుకునేవాళ్లు అంతకన్నా ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. బ్యాటరీని వ్యాన్‌లో ఎక్కడ పెడతారు? పొద్దున్నే దానికి చార్జింగ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రెండూ తేలితే ఏ రకం కొనాలో సగం తేలినట్టే. నేను మాట్లాడుతున్నది లైట్లు, ఫ్రిజ్, హీటర్ నడిపే హౌస్ బ్యాటరీ గురించి. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ జోలికి వెళ్లడం లేదు.

ముందు ఒక రాత్రికి ఎంత కావాలో చూద్దాం. డీజిల్ హీటర్ మంట అందుకున్నాక సగటున ఒక ఆంపియర్, కొంచెం పైన తీసుకుంటుంది. అక్కడ శీతాకాలం రాత్రి పొడవు కాబట్టి అదే 15 నుంచి 20 ఏహెచ్ అవుతుంది. ఫ్రిజ్ చలికాలంలో పెద్దగా తినదు. లైట్లు, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపితే మొత్తం 50 ఏహెచ్ చుట్టూ తేలుతుంది. ఇదేమంత పెద్ద ఖర్చు కాదు. అసలు చిక్కు దాన్ని మళ్లీ నింపుకోవడంలో ఉంది. కాల్గరీ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో అక్కడ పగలు సుమారు 8 గంటలు, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 16 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. వ్యాన్ పైకప్పు మీద బల్లపరుపుగా పడుకున్న సోలార్ ప్యానెల్‌కు ఆ ఎండలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే దక్కుతుంది. దాని మీద మంచు పేరుకుంటే అదీ లేదు.

ఈ లెక్కతోనే ఏజీఎం బ్యాటరీని చూడాలి. ఇదీ సీసం బ్యాటరీయే, మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీకి దగ్గర చుట్టం, డిస్టిల్డ్ వాటర్ పోసే పని మాత్రం ఉండదు. దీని గొప్ప సుగుణం, సున్నా కంటే కింద కూడా చార్జింగ్ తీసుకుంటుంది. ధర తక్కువ. చలికి జడిసి ఆగిపోయే ఎలక్ట్రానిక్స్ ఏవీ లోపల ఉండవు. అందుకే చలి ప్రాంతాలకు ఇదే మేలని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే 100 ఏహెచ్ ఏజీఎంలో ఆయుష్షు తగ్గకుండా వాడుకోగలిగేది సగమే. మైనస్ 18 దగ్గర దాని సామర్థ్యం ఇంచుమించు 40 శాతం పడిపోతుంది. దాంతో రెండు బ్యాటరీలు పెట్టుకోవాలి, అంటే 60 కిలోల బరువు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఏజీఎం 80 శాతం దాకా త్వరగానే నిండుతుంది, చివరి 20 శాతానికి గంటలు గంటలు పడుతుంది. గంట డ్రైవింగ్‌తో, ఆ పలచటి ఎండతో అది ఎప్పటికీ పూర్తవదు. సగం సగం నిండిన సీసం బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఒక్కో వారానికీ సత్తువ తగ్గిపోతుంది. పైగా చలిలో దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు చాలితే, మైనస్ 10 దగ్గర 15 దాటాలి. టెంపరేచర్ సెన్సర్ లేని చార్జర్ అయితే నిండిందనుకుని ముందే ఆగిపోతుంది.

ఆ అరకొర చార్జింగ్ ఎలా బయటపడుతుందో తెల్లవారుజామున నాలుగింటికి తెలుస్తుంది. హీటర్ ఆగి మళ్లీ వెలగాలంటే డీజిల్‌ను అంటించే గ్లో ప్లగ్ ఎర్రబడాలి. రెండు మూడు నిమిషాల పాటు అది 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. చల్లబడి, సగం ఖాళీ అయిన ఏజీఎంలో ఆ క్షణాన వోల్టేజీ జారుతుంది. హీటర్‌కి వెళ్లే వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే దారిలో ఇంకొంత పోతుంది. 10.5 వోల్టుల చుట్టుపక్కలకు రాగానే హీటర్ వోల్టేజీ తక్కువైందని చూపించి ఆగిపోతుంది. డీజిల్ ట్యాంకు నిండా ఉంటుంది, బ్యాటరీలో ఇంకా కరెంటు ఉంటుంది, వ్యాన్ మాత్రం గడ్డకడుతూ ఉంటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ, ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. దాదాపు ఖాళీ అయ్యేదాకా వోల్టేజీ నిలకడగా ఉంటుంది, 80 శాతం వాడుకున్నా ఆయుష్షుకు ఢోకా లేదు. 100 ఏహెచ్ బ్యాటరీ బరువు 11 నుంచి 13 కిలోలు. సగం నిండి ఉన్నా పాడవదు, చలికాలపు అరకొర చార్జింగ్‌కు ఇదే అసలైన వరం. మైనస్ 20 దాకా కరెంటు ఇస్తుంది, సామర్థ్యం కొంత తగ్గినా సరే.

చిక్కంతా చార్జింగ్‌లో. సెల్ సున్నా కిందకు వెళ్లాక చార్జ్ చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ లోపలికి చొరబడలేవు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా జనం ఫుట్‌బోర్డు మీదే నిలబడిపోయినట్టు, అవి పైనే లోహపు పొరగా పేరుకుపోతాయి. ఈ నష్టం తిరిగి రాదు. అందుకే మంచి బ్యాటరీల్లో ఉండే రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, చలిలో చార్జింగ్‌ను కట్ చేసేస్తుంది. ఎండ కాస్తుంది, ఇంజిన్ నడుస్తుంది, లోపలికి మాత్రం ఒక్క ఆంపియర్ కూడా వెళ్లదు. చవక బ్యాటరీల్లో కొన్నిటికి ఈ కటాఫ్ ఉండదు. స్పెసిఫికేషన్ షీటులో ‘లో-టెంపరేచర్ చార్జింగ్ కటాఫ్’ అని, ఎన్ని డిగ్రీల దగ్గరో అంకెతో సహా రాసి ఉంటేనే కొనండి.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, బ్యాటరీని మనతోపాటు వెచ్చగా ఉంచడం. వ్యాన్ కింద బిగించిన పెట్టెలో వద్దు, లోపలే పెట్టాలి. లోపల అంటే మంచం కింద, వెనక తలుపు పక్కన రేకుకు ఆనించి అని కాదు. తల దగ్గర 18 డిగ్రీలున్నా నేల దగ్గర సున్నాకు చేరువలో ఉండొచ్చు. కింద ఫోమ్, దాని మీద ప్లైవుడ్ వేసి, గోడకు కాస్త ఎడంగా, హీటర్ గాలి తగిలేలా పెడితే ఆ చిక్కే ఉండదు.

రెండోది సెల్ఫ్ హీటింగ్ బ్యాటరీ. భయపడేంత ఖర్చు కాదు. 12 కిలోల బ్యాటరీని మైనస్ 20 నుంచి ప్లస్ 5కు తేవడానికి లెక్క ప్రకారం 80, 90 వాట్-అవర్లు చాలు, అంటే 7 ఏహెచ్. బయటికి పోయే వేడి కలుపుకుంటే ఇంకాస్త. అయితే కొనేముందు ఒక మాట అడగాలి. ఆ హీటింగ్ చార్జర్ కరెంటుతో నడుస్తుందా, లేక బ్యాటరీలోంచే తీసుకుంటుందా? రెండో రకానికి స్విచ్ లేకపోతే పార్క్ చేసిన వ్యాన్‌లో తనను తానే తినేస్తుంది.

ఎల్‌ఎఫ్‌పీకి మారేవాళ్లు డీసీ-డీసీ చార్జర్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే కరెంటును అదుపులో ఉంచి బ్యాటరీకి పంపే పెట్టె) ఖర్చును కూడా ధరలో కలుపుకోవాలి. నేరుగా కలిపితే ఈ బ్యాటరీ, ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి ఎంత వస్తే అంత లాగేస్తుంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. 30 ఆంపియర్ల డీసీ-డీసీ పెట్టుకుంటే రెండు గంటల డ్రైవ్‌లో రాత్రి ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. కాల్గరీ నుంచి బాన్ఫ్‌కు గంటన్నర దారి కాబట్టి, అక్కడ చలికాలంలో అసలు చార్జర్ ఇంజినే అనుకోవాలి.

సోడియం-అయాన్ మీద నాకు ఆశ ఉంది. సున్నా కింద కూడా చార్జింగ్ తీసుకుంటుంది, చలిలో సామర్థ్యం తక్కువ కోల్పోతుంది. కానీ నాలుగు సెల్స్ వరసగా కలిపిన బ్యాటరీలో వోల్టేజీ 16 దగ్గర మొదలై 8, ఇంకా కిందకు దిగుతుంది. 10.5, 11 దగ్గర ఆగిపోయే ఇన్వర్టర్, హీటర్ ఉన్నప్పుడు లోపల మిగిలిన శక్తి మనకు అందదు. దానికి సరిపడే పరికరాలు విరివిగా దొరికేదాకా ఆగడమే మంచిది. లిథియం టైటనేట్ అనే ఇంకో రకం లిథియం బ్యాటరీ చలికి అన్నిటికన్నా గట్టిది, కానీ ఆ ధర, ఆ బరువు క్యాంపర్ వ్యాన్‌కు అక్కర్లేదు.

చలికాలమంతా వ్యాన్‌లోనే ఉండేవాళ్లకు, హీటర్ ఎప్పుడూ నడుస్తుంది కాబట్టి, కటాఫ్ ఉన్న మామూలు ఎల్‌ఎఫ్‌పీ లోపల పెట్టుకుంటే చాలు. హీటింగ్ మోడల్‌కు అదనంగా పెట్టే డబ్బుతో నేల కింద ఇన్సులేషన్ వేయించుకోవచ్చు. వారాంతాల్లో మాత్రమే వెళ్తూ, మిగతా రోజులు వ్యాన్‌ను ఇంటి ముందు చలిలో వదిలేసేవాళ్లకు స్విచ్ ఉన్న సెల్ఫ్ హీటింగ్ రకమే సరైనది. శుక్రవారం సాయంత్రం బండి తీసేసరికి సెల్స్ సున్నా కిందకు చల్లబడి ఉంటాయి, దారిలోనే వేడెక్కి చార్జింగ్ మొదలవ్వాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లు ఏజీఎంతో హాయిగా గడిపేయొచ్చు.

ఇక నెలల తరబడి వ్యాన్ కదలదంటే, ఎల్‌ఎఫ్‌పీని సగం చార్జ్‌లో ఉంచి వైర్లు విప్పేయండి, సోలార్ వైరుతో సహా. ఏజీఎం అయితే పూర్తిగా నింపి వదలాలి. నిండుగా ఉంటే మైనస్ 40కి కూడా అది గడ్డకట్టదు, ఖాళీ అయితే లోపలి యాసిడ్ పలచబడి మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పెట్టె పగలగొట్టేస్తుంది.