10 లీటర్ల టిల్టింగ్ గ్రైండరు: ఇద్దరే నడిపే టిఫిన్ అంగడికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

రోజుకు 200 నుంచి 400 ఇడ్లీలు పోయే అంగడికి, దాంతోపాటు దోసెపిండి కూడా చూసుకునేవాళ్లకి, 10 లీటర్ల టిల్టింగ్ గ్రైండరు (పాత్రను వంచి పిండి తీసుకునే రకం) సరైన సైజు. 100 ఇడ్లీలకే ఆగిపోయే బండికి ఇది అక్కర్లేదు. 20 లీటర్లది కొంటే ముందుముందు ఉపయోగపడుతుందని మిషన్లు అమ్మేవాళ్లు చెబుతారు గానీ ఆ మాట వినొద్దు. పెద్ద పాత్రలో అరకిలో ఉద్దిపప్పు వేస్తే రాయికి అందదు. పప్పు అంచులకు పోతుంది, రాయి ఉత్తగా తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. 4 కిలోల ఇడ్లీబియ్యం, 1 కిలో ఉద్దిపప్పు కలిపి రుబ్బితే 12 కిలోల పిండి వస్తుంది. ఇడ్లీకి 45 గ్రాముల చొప్పున 250కి పైనే పడతాయి. 10 లీటర్ల పాత్రలో పప్పు ఒక వాయి, బియ్యం ఒక వాయి. పప్పుకు 35 నిమిషాలు, బియ్యానికి 25, కడగడానికి 10. అంటే గంటా పది నిమిషాల్లో పని తెగుతుంది. ఇదే పిండి ఇంట్లో వాడే 2 లీటర్ల గ్రైండరుతో చేస్తే ఎనిమిది, తొమ్మిది వాయిలు వేయాలి, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి. నాలుగు గంటలు తక్కువ పట్టదు. కరెంటు గురించి బెంగ అక్కర్లేదు. 1 హెచ్‌పీ మోటారు గంట తిరిగితే దాదాపు 1 యూనిట్.

ఈ మూడు గంటల తేడా ఎక్కడ తెలుస్తుందంటే ఇంట్లో. తెల్లారి అయిదున్నరకు తిరుపతి బస్టాండు దగ్గరో, లీలామహల్ సర్కిల్లోనో పొయ్యి వెలిగించాలంటే మూడున్నరకు లేవాలి. పదకొండుకు అంగడి మూసి, గిన్నెలు తోమి, కూరగాయలకు పోయొచ్చి రుబ్బడానికి కూర్చుంటే సాయంత్రమంతా దాని ముందే గడిచిపోతుంది. చట్నీకి చెనిక్కాయలు వేయించడం, పిల్లల చదువు, రాత్రి వంట, అన్నీ ఆ తొమ్మిదో వాయి కోసం ఆగుతాయి. మొగుడూ పెళ్లాల మధ్య మాట పెరిగేది చాలా ఇళ్లలో ఆ వేళకే. నడుం వాల్చకుండా ఏడాదంతా నెట్టుకొచ్చే మనుషులకు రోజూ రెండు గంటల నిద్ర దొరకడం చిన్న విషయం కాదు.

ఇంకో లాభం గురించి ఎవరూ చెప్పరు. నెమ్మది గ్రైండరు ఉన్నవాళ్లు రేపటి బేరం ఎంతో పొద్దున పదికే ఊహించి నానబెట్టాలి. గంటలో రుబ్బే మిషను ఉంటే ఆ నిర్ణయం మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఆగొచ్చు. తిరుపతిలో ఇది చాలా ముఖ్యం. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే అరవ నెల) తిరుమల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వరసగా సెలవులు వస్తే అరవదేశం బస్సులతో ఊరు నిండిపోతుంది. పిండి చాలకపోతే చేతికందిన బేరం పోతుంది. మామూలు మంగళవారం అంతే పిండి రుబ్బితే మిగిలింది పులిసి పారబోయాలి. బకెట్టు పిండి కాలవలో పోసేటప్పుడు పడే బాధ డబ్బు లెక్కలోకి రాదు. మిషను ఆ బాధను పూర్తిగా తీసేయదు గానీ బాగా తగ్గిస్తుంది.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది స్టీలు. అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి 304, అంటే తుప్పుకు బాగా తట్టుకునే మేలు రకం స్టీలు అంటారు. 202 రకం స్టీలుకు కూడా అయస్కాంతం మామూలుగా అంటుకోదు. పులిసిన పిండి, ఉప్పు తగిలితే 202కి త్వరగా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. బిల్లు మీద 304 అని రాసివ్వమనండి, రాయనంటే అక్కడ కొనకండి. పాత్రలో నీళ్లు పోయించి పది నిమిషాలు తిప్పించండి. రాయి ఒక్కో చుట్టుకు ఒకచోట ఎగిరి పడుతున్నట్టు టక్ మంటే రాయి గుండ్రంగా లేదు, లేదా షాఫ్టు వంగింది. పాత్రను వంచి, పిన్ను వేసి, రెండు చేతులతో కిందికి నొక్కండి. 8 కిలోల పిండి ఉన్నప్పుడు ఆ పిన్ను జారితే పాత్ర మోకాళ్ల మీద పడుతుంది.

కొత్త రాయిలోంచి రెండు, మూడు వాయిల దాకా ఇసుక వస్తుంది. నూకలు నానబెట్టి రుబ్బి పారబోయండి. వేళ్ల మధ్య నలిపితే గరగర తగలనప్పుడే అమ్మే పిండి వేయాలి.

రుబ్బడంలో తప్పు జరిగేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. ఉద్దిపప్పు గంటన్నర, రెండు గంటలకు మించి నాననివ్వొద్దు. నానిన నీళ్లు ఫ్రిజ్‌లో చల్లబరిచి, మొదట గరిటెడు పోసి, పప్పు రాయికి పట్టాక అయిదు నిమిషాలకోసారి కొంచెం కొంచెం పోయాలి. ఒక్కసారే పోస్తే పిండి పలచబడుతుంది, పొంగదు. చిటికెడు పిండి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకో ఐదు నిమిషాలు. ఎండాకాలంలో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటినప్పుడు మామూలు నీళ్లు పోసి రుబ్బితే పిండి పాత్రలోనే గోరువెచ్చనవుతుంది, రాత్రి పదికే పొంగి పొర్లుతుంది. అప్పుడు ఐసు ముక్కలు వేయండి, రుబ్బే వేళను రాత్రి ఏడు, ఎనిమిదికి జరపండి. పొంగడానికి పెట్టే గిన్నె సగానికి మించి నింపొద్దు. ఉప్పు గ్రైండరులో వేయకుండా గిన్నెలో కలపండి, స్టీలు బతుకుతుంది.

తిరుగుతుండగా చెయ్యి పెట్టొద్దు. అంచున ఉన్న పప్పును వేలితో తోసే అలవాటు ఇంటి గ్రైండరు నుంచి వస్తుంది. ఇక్కడ రాయి బరువు వేరు, వేలు రాయి కింద పడితే స్విచ్చి ఆపినా పాత్ర వెంటనే ఆగదు. నైలాన్ స్క్రేపరు ఉన్నది అందుకే. చీర కొంగు బిగించి దోపుకోండి. తడి నేల మీద నడిచే మిషను కాబట్టి ఎర్తింగు సరిగా ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరిగా పెట్టించండి. మోటారు కొనడానికి వెనకాడనివాళ్లు దీని దగ్గర వెనకాడుతుంటే భయమేస్తుంది.

ఎక్కువగా వచ్చే రిపేర్లు మూడు. స్విచ్చి వేయగానే ఊఁ మంటూ మూలిగి తిరగకపోతే కెపాసిటరు (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా) బలహీనపడింది, లేదా వోల్టేజీ తక్కువగా ఉంది. వేసవి సాయంత్రాలు ఇది మామూలే. మూలుగుతున్న మోటారును అలాగే వదిలేస్తే వైండింగు కాలుతుంది, వెంటనే ఆపాలి. రబ్బరు కాలిన వాసన వచ్చి రాయి నెమ్మదిస్తే బెల్టు సాగింది. మోటారు బోల్టులు వదులు చేసి వెనక్కి జరిపి బిగిస్తే సరిపోతుంది, లేదంటే కొత్తది వేయాలి. బెల్టు మీద ఉన్న నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి, ఒక బెల్టు, ఒక కెపాసిటరు ఇంట్లో పెట్టుకోండి. మూడోది చాలా చిన్నగా కనిపిస్తుంది: తెల్లటి పిండిలో మధ్య కడ్డీ చుట్టూ వెంట్రుకంత నల్లగీత. అది బేరింగు గ్రీజు. సీలు అరిగి, పిండి లోపలికి, గ్రీజు పైకి వస్తోంది. ఆ వాయి అమ్మకూడదు. రాయి తీసి, కడ్డీ మొదట్లో బ్రష్షు పెట్టి రోజూ తోమితే సీలు ఎక్కువ కాలం నిలుస్తుంది.

పిండి బరకగా వస్తూ, మునుపు 25 నిమిషాల్లో అయ్యే బియ్యానికి 40 పడుతుంటే రాయి నున్నబడింది. కక్కు కొట్టించాలి, అంటే రాయిని మళ్లీ గరుకు చేయించాలి. కొట్టించాక మళ్లీ నూకలు వేసి ఇసుక తీయాల్సిందే.

ఇక డబ్బు. రోజు ఫైనాన్సులో 10,000 అని చెప్పి 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి వెయ్యే కదా అనిపిస్తుంది. కట్టుకుంటూ పోతున్నాం కాబట్టి, ఏడాదికి లెక్కేస్తే వడ్డీ 80 శాతం దరిదాపుల్లో పడుతుంది. వాన పడి బేరం లేని రోజు కూడా ఆ వంద కోసం మనిషి వచ్చి నిలబడతాడు, ఆ నిలబడడంతోనే సగం ప్రాణం పోతుంది. బండివాళ్లకైతే పీఎం స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ రుణ పథకం ఉంది. 2025 మార్పుల తర్వాత మొదటి విడత 15,000 దాకా, సరిగా కడితే రెండో విడత 25,000 దాకా, మూడోది 50,000. వేళకు కట్టేవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. అద్దె అంగడికి బ్యాంకులో ముద్రా పథకం కింద 'శిశు' అనే చిన్న రుణం 50,000 దాకా అడగొచ్చు. కాగితాలకు వారాలు పట్టొచ్చు, కాబట్టి పాత గ్రైండరు నడుస్తుండగానే మొదలుపెట్టండి. అది కాలిపోయిన రోజు బ్యాంకు దాకా పోయే ఓపిక ఉండదు, వడ్డీ ఎంతైనా సరే అనిపిస్తుంది.

అద్దె ఇంట్లో పెట్టేవాళ్లు ముందే ఇంటి ఓనరుతో మాట్లాడుకోండి. కింద దళసరి రబ్బరు మ్యాటు వేస్తే పై అంతస్తుకు అదురు తగ్గుతుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే కరెంటోళ్లు పట్టుకుంటారు, కమర్షియల్ కనెక్షను తీసుకోండి.

మిషను వచ్చిన వారంలోనే ఇంకో పని చేయండి. మీ వీధికి దగ్గర్లో కిలోకింత అని పిండి రుబ్బిచ్చే అంగడివాళ్లను పలకరించి, రాత్రి ఎన్నింటిదాకా తీస్తారో, 5 కిలోలు తెస్తే ఆడిస్తారో లేదో అడిగి, నంబరు గ్రైండరు పక్క గోడ మీద రాసిపెట్టుకోండి. పప్పు నానిపోయి, మోటారు మూలిగి ఆగిన సాయంత్రం, ఎవరిని అడగాలో ముందే తెలిసినవాళ్లు గిన్నె ఎత్తుకుని నేరుగా అక్కడికి పోతారు.