డబుల్ కమాండర్: మూడేళ్లు వాడాక

మాది హన్మకొండలో చిన్న ఫోటో స్టూడియో. ఎక్కువగా పెళ్లిళ్ల పనే. ఒక పెళ్లికి ఇద్దరం రెండు కెమెరాలతో వెళ్తే 4,000 ఫోటోలు ఈజీగా అవుతాయి. ప్రతి ఫోటోకి ఒక రా ఫైలు (కెమెరా పట్టిన డేటా మొత్తం ఉండే పెద్ద ఫైలు), ఒక జేపీజీ. అంటే కార్డులు తెచ్చి టేబుల్ మీద పెట్టేసరికి 8,000 ఫైళ్లు. పెళ్లి మళ్లీ జరగదు కాబట్టి వాటిలో ఒక్కటి పోయినా మనం ఇచ్చుకునే జవాబు ఉండదు.

మూడేళ్ల కింద మాఘమాసంలో వరసగా నాలుగు పెళ్లిళ్లు పడ్డాయి. నిద్ర లేదు. నర్సంపేట పెళ్లి ఫోల్డర్‌ని మౌస్‌తో పట్టి లాగుతుంటే మధ్యలో వేలు వదిలేసి, అది పక్కనున్న పరకాల పెళ్లి ఫోల్డర్‌లోకి వెళ్లిపోయింది. నేను గమనించలేదు. పొద్దున చూస్తే నర్సంపేట ఫోల్డర్ లేదు, కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశాం. అదే టైముకి అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ చేసి "ఫోటోలు ఎట్లొచ్చినయ్ తమ్మీ?" అని అడిగాడు. మంచిగొచ్చినయని చెప్పాను గానీ చేతులు వణికాయి. రెండు గంటలు వెతికితే దొరికింది. ఆ వారమే కరీంనగర్‌లో వీడియో మిక్సింగ్ చేసే దోస్తు మా కంప్యూటర్‌లో డబుల్ కమాండర్ వేసిపెట్టాడు. ఫైళ్లను కాపీ చేయడానికి, సర్దుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ ఇది.

తెరవగానే పక్కపక్కనే రెండు కిటికీలు కనిపిస్తాయి. ఎడమవైపు కార్డు, కుడివైపు హార్డ్ డిస్క్. ఎక్కడి నుంచి తీస్తున్నామో, ఎక్కడ పెడుతున్నామో రెండూ ఒకేసారి కళ్ల ముందుంటాయి. కీబోర్డ్ మీద ట్యాబ్ కీ నొక్కితే అటు నుంచి ఇటు మారతాం. ఎఫ్5 కొడితే కాపీ, ఎఫ్6 మూవ్, ఎఫ్7 కొత్త ఫోల్డర్, ఎఫ్8 డిలీట్. కాపీ మొదలయ్యే ముందు ఎక్కడికి వెళ్తుందో చూపించి అడుగుతుంది. మౌస్‌తో లాగే పనే లేదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1986లో, విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో వచ్చిన నార్టన్ కమాండర్ అనే సాఫ్ట్‌వేర్‌ది. 1993 నుంచి ఉన్న టోటల్ కమాండర్ కూడా అదే దారి, దానికి లైసెన్స్ కొనాలి. డబుల్ కమాండర్ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం.

నా పని నిజంగా మారింది మాత్రం సెలెక్షన్ దగ్గర. ఆల్బమ్ కోసం పెళ్లివాళ్లు జేపీజీలు చూసి, నచ్చిన 300 ఫోటోల నంబర్లు వాట్సాప్‌లో పంపిస్తారు. ఆ నంబర్ల రా ఫైళ్లు మనం 4,000లోంచి ఏరుకోవాలి. ఇదివరకు కంట్రోల్ పట్టుకుని ఒక్కొక్కటీ క్లిక్ చేసేవాడిని. 240వ ఫోటో దగ్గర కంట్రోల్ మీద వేలు జారిందా, అప్పటిదాకా ఏరినవన్నీ పోయి మళ్లీ ఒకటి నుంచి మొదలు. మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ నంబర్లను నోట్‌ప్యాడ్‌లో వేసి, వరసకొక పూర్తి ఫైలు పేరుగా చేసి, మొత్తం కాపీ కొడతాను. డబుల్ కమాండర్‌లో మార్క్ మెనూలోకి వెళ్లి, క్లిప్‌బోర్డ్ నుంచి (అంటే ఇప్పుడు కాపీ కొట్టిన లిస్టు నుంచి) సెలెక్షన్ లోడ్ చేయమంటే ఆ 300 ఫైళ్లూ ఒక్కసారి ఎర్రగా వెలుగుతాయి. ఎఫ్5. అంతే. కింద ఎన్ని మార్క్ అయ్యాయో లెక్క చూపిస్తుంది. 300కి 298 వస్తే రెండు నంబర్లు వాళ్లు తప్పు రాశారని అర్థం, వెంటనే ఫోన్ చేసి అడుగుతాను.

రెండో గొడవ పేర్లు. ఒకే కంపెనీ కెమెరాలు రెండు తిప్పితే రెండింట్లోనూ ఒకే నంబరు ఫోటోలు ఉంటాయి. ఒక ఫోల్డర్‌లో వేస్తే ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం. అందుకే కాపీ అయ్యి, కింద చెప్పిన సరిచూడటం కూడా అయ్యాక, కంట్రోల్ ఎం నొక్కి ఒకేసారి చాలా పేర్లు మార్చే కిటికీ తెరిచి, నా కెమెరా ఫైళ్లకు ముందు ఒక అక్షరం, తమ్ముడి కెమెరా వాటికి ఇంకో అక్షరం తగిలిస్తాం. పేరు మార్చే ముందే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపిస్తుంది. మొదట్లో ఫైలు సేవ్ అయిన టైము పేరులో పెట్టాలని చూశాను గానీ, రా ఫైలుకి జేపీజీకి సెకను తేడా వస్తే జత విడిపోతుందని మానుకున్నాను. మైలపోలు, ఎదుర్కోళ్లు, అప్పగింతలు అని ఫోల్డర్లకు తెలుగులోనే పేర్లు పెడుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు.

కార్డు ఫార్మాట్ చేసే ముందు ఒక నియమం పెట్టుకున్నాం. కమాండ్స్ మెనూలో ఫోల్డర్లను సింక్రనైజ్ చేసేది, అంటే రెండు ఫోల్డర్లను పోల్చి ఒకేలా చేసేది ఉంటుంది. అందులో సబ్ ఫోల్డర్లు, కంటెంట్ అనే రెండు టిక్కులు పెట్టి పోల్చమంటే, కార్డులోని ప్రతి ఫైలునీ డిస్క్‌లోని ఫైలుతో లోపలి డేటా వరకూ సరిచూస్తుంది. సమానం గుర్తు వచ్చినవి సరిపోయినట్టు. 64 జీబీ కార్డుకి టైము పడుతుంది, పట్టనివ్వండి. పోయిన శ్రావణంలో కార్డ్ రీడర్ లూజుగా ఉండి మూడు ఫైళ్లకు ఆ గుర్తు రాలేదు. రీడర్ మార్చి మళ్లీ కాపీ చేశాం. ఈ చెకింగ్ లేకపోతే ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు గానీ తెలిసేది కాదు. ఒక్క జాగ్రత్త: అక్కడే ఉన్న అసిమెట్రిక్ టిక్కు పెడితే, ఎడమవైపు లేని ఫైళ్లను కుడివైపు నుంచి తీసేయడానికి సిద్ధం చేస్తుంది. బ్యాకప్ డిస్క్ మీద అది తెలియక పెట్టకండి.

లోటుపాట్లు ఉన్నాయి. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, బటన్లు ఎక్కువ. మా తమ్ముడికి అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్5 కొడితే వెలుతురో సౌండో మారుతుంది, ఫంక్షన్ కీ కూడా పట్టుకోవాలి, లేదంటే సెట్టింగ్ మార్చుకోవాలి. ఫోటోలు చూసి ఏరడానికి నేను దీన్ని వాడను, దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంది. రోజుకి పది ఫైళ్లు తెరిచి మూసేవాళ్లకి ఇంత అవసరం కూడా లేదు. విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒకే కిటికీలో చాలా ఫోల్డర్లు తెరిచే ట్యాబులు 2022లోనే వచ్చాయి, వాళ్లకి అది చాలు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక, మా పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. డబుల్ కమాండర్ అందులోనూ నడుస్తుంది, కీలన్నీ అవే, తమ్ముడు కొత్తగా నేర్చుకోవాల్సింది లేకపోయింది. ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే పోర్టబుల్ వెర్షన్ ఒకటి ఉంటుంది, విండోస్‌ది నా పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది. ములుగు వైపు ఫంక్షన్లకు పోయినప్పుడు అక్కడి వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే తెరిచి, కార్డు కాపీ కొట్టి, సరిచూసుకునే వస్తాను.