రాయితో కప్పగంతులు వేయించే యంత్రం: ఉండేలా, రెండు చక్రాలా, తిరిగే చెయ్యా?

సైన్స్ ఫెయిర్ సర్క్యులర్ బడులకు చేరిందంటే నాకు ఫోన్లు మొదలు. "సార్, చెరువు మీద రాయిని గెంతించే మిషన్ చేద్దామనుకుంటున్నాం. ఏ మోడల్ మేలు?" అని. పోయినేడు మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒకటి కాదు, మూడు రకాలు చేయించిన పాపం నాది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను.

ఫోన్ చేసినవాళ్ళలో పదికి తొమ్మిదిమంది అడిగేది "ఎంత స్పీడొస్తుంది?" అనే. నన్నడిగితే చూడాల్సింది అది కాదు. రాయి గాల్లో ఎన్ని చుట్లు తిరుగుతోందన్నది చూడాలి. ముక్కు కాస్త పైకెత్తి వచ్చిన రాయికి ముందుగా నీళ్ళు తగిలేది వెనక అంచునే. నీళ్ళు ఆ అంచును పైకి నెడతాయి. తిరుగుడు లేని రాయి అక్కడే ముక్కు దించి బుడుంగుమంటుంది. తిరిగేది మాత్రం బొంగరంలాగా తన వాలు వదలదు, గెంతేసి ముందుకు పోతుంది. 2004లో క్లానే, హెర్సెన్, బొకే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు అల్యూమినియం బిళ్లల్ని నీళ్ళ మీదికి విసిరి 'నేచర్' పత్రికలో తేల్చిన సంగతి కూడా పిల్లలకు చెప్పండి: రాయి చదును ముఖానికీ నీటి మట్టానికీ మధ్య 20 డిగ్రీల వాలు ఉంటే గెంతు బాగా కుదురుతుంది. తిరుగుడు చాలకపోతే ఆ వాలు మొదటి గెంతు దాకా కూడా నిలవదు.

ఈ కొలతతో చూస్తే ఉండేలు రకం మొదటే వెనకబడుతుంది. చెక్క మీద గాడి, రెండు పక్కలా సైకిల్ ట్యూబు, మధ్యలో రాయి. ఖర్చు దాదాపు సున్నా, ఒక్క ఆదివారంలో అయిపోతుంది. వేగానికి లోటు లేదు. కానీ రాయి తిన్నగా, తిరక్కుండా వెళుతుంది. గాడికి ఒక పక్క గోడకు శాండ్ పేపర్ అతికించి చూశాం. రాయి ఒకసారి దొర్లింది, ఒకసారి జారింది, ఒకసారి గాడిలోంచే ఎగిరి పక్కకు పడింది. ఆరో తరగతి పిల్లలైతే ఇది చాలు. ఆపైవాళ్ళకు వద్దంటాను.

రెండు చక్రాలది చూడముచ్చటైన యంత్రం. క్రికెట్ బౌలింగ్ మిషన్ లాంటిదే అనుకోండి. పడుకోబెట్టిన రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, వాటి సందులోకి రాయికి బదులు గుండ్రటి సిమెంటు బిళ్లను తోస్తాం. లెక్క కూడా పదో తరగతి పిల్లలకు అందేదే. ఒక చక్రం అంచు సెకనుకు 10 మీటర్లు, రెండోది 4 మీటర్లు పోతుంటే, బిళ్ల ముందుకు పోయే వేగం ఆ రెంటి సగటు, అంటే 7 మీటర్లు. తేడా 6. దాన్ని బిళ్ల వ్యాసంతో భాగిస్తే తిరుగుడు వస్తుంది. 6 సెంటీమీటర్ల బిళ్లకు అది సెకనుకు 100 రేడియన్లు, అంటే దాదాపు 16 చుట్లు. వేగాన్నీ తిరుగుడునీ దేనికది మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం మిగతా రెండింటిలో లేదు, ఒప్పుకోవాలి.

చిక్కల్లా అమలులో వస్తుంది. 8 సెంటీమీటర్ల చక్రానికి 10 మీటర్ల అంచు వేగం రావాలంటే నిమిషానికి సుమారు 2400 చుట్లు తిరగాలి. బిళ్ల దూరగానే మోటారు నీరసిస్తుంది. బిళ్ల వ్యాసం రెండు మిల్లీమీటర్లు తగ్గితే పట్టు దొరకదు, పెరిగితే ఇరుక్కుంటుంది. మా యంత్రం మొదటి మూడు బిళ్లల్ని బ్రహ్మాండంగా విసిరింది. నాలుగోదానికి ఒక చక్రం మీది రబ్బరు పట్టీ ఊడి, బిళ్ల నేరుగా గట్టు మీది తుమ్మచెట్టుకు తగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను స్విచ్చి ఆపాను. ఆ తర్వాత వారం రోజులు బ్యాటరీలతోనూ టంకంతోనూ గడిచాయే తప్ప నీళ్ళ దగ్గరికి పోయింది లేదు. మీ బడిలో ఎలక్ట్రానిక్స్ మీద చెయ్యి తిరిగిన పిల్లలుంటే, చేతిలో ఇన్‌స్పైర్ మానక్ (బడిపిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు) పదివేలు ఉంటే, వెళ్ళండి.

నా ఓటు తిరిగే చెయ్యికే. తుపాకి గురి పోటీల్లో మట్టిబిళ్లల్ని గాల్లోకి విసిరే యంత్రం పద్ధతే ఇది. రెండడుగుల చెక్కచెయ్యి, దాని ఇరుసుకు పాత సైకిల్ ముందు చక్రం హబ్, లాగడానికి తలుపు స్ప్రింగు, వదలడానికి తలుపు గడియ. అడుగున నున్నటి పలక. బిళ్లను ఇరుసు దగ్గర చెయ్యికి ఆనించి పెట్టి గడియ లాగితే చెయ్యి గిర్రున తిరుగుతుంది. బిళ్ల చెయ్యి అంచు వెంబడే బయటికి దొర్లుకుంటూ పోతుంది. ఆ దొర్లడమే తిరుగుడు. మోటారు లేదు, వైరు లేదు. చెయ్యి కొస సెకనుకు 6 మీటర్ల వేగంతో తిరిగితే బిళ్ల 7 మీటర్ల పైచిలుకు వేగంతో బయటపడుతుంది, జారకుండా దొర్లితే సెకనుకు 20 చుట్లు దాటుతుంది.

జారకుండా ఉండాలంటే చెయ్యి అంచుకు ట్యూబు ముక్క అతికించాలి. మాకు ప్రాజెక్టు దొరికిందే ఇక్కడ. అదే చెయ్యి, అదే స్ప్రింగు, రబ్బరు తీసి సన్‌మైకా పట్టీ వేస్తే బిళ్ల దొర్లడానికి బదులు జారుతుంది. తిరుగుడు బాగా తగ్గిపోతుంది. రబ్బరుతో మా బిళ్ల ఐదారు గెంతులేసింది, సన్‌మైకాతో ఒకటి, మహా అయితే రెండు. వేగాన్నీ తిరుగుడునీ విడివిడిగా మార్చలేమన్న లోటును ఈ పట్టీ చాలావరకు పూడుస్తుంది.

పలకకు వెనక బందులు వేసి, ముందు వైపు 20 డిగ్రీలు ఎత్తండి. బిళ్ల వాలు, పైకి లేచే కోణం రెండూ ఒకేసారి కుదురుతాయి. అయితే యంత్రాన్ని గట్టు మీద పెట్టకండి. నీటి మట్టానికి దగ్గరగా ఉంటే బిళ్ల మూడు మీటర్ల దూరాన ఇంచుమించు అదే 20 డిగ్రీలతో దిగుతుంది. మీటరు ఎత్తున్న గట్టు మీంచి విసిరితే 35 డిగ్రీలు దాటి నిట్రంగా పడుతుంది. మేము రెండు సాయంత్రాలు గట్టు మీద స్ప్రింగును తిట్టుకుంటూ గడిపాం. మూడోనాడు ఒక పిల్ల "సార్, రేవు మెట్టు మీద పెడదామా?" అంది. అంతే.

ఇక పీవీసీ గొట్టంలో గాలి నింపి కొట్టేది: తిరుగుడు రాదు, పగిలితే ప్రమాదం, వద్దు. వడిసెల: గురి ఉండదు.

ఏ యంత్రమైనా ఏటిరాళ్ళు వాడితే లెక్క నిలవదు. ప్రతి రాయీ వేరు. ఊరగాయ సీసా మూతలో సెంటీమీటరు మందాన సిమెంటు పోసి బిళ్లలు చేసుకోండి. ఒక్కోటి 60 గ్రాముల దరిదాపుల్లో వస్తుంది. తొక్కుడుబిళ్ల ఆడటానికి పెంకు అరగదీసిన చెయ్యి ఉన్న పిల్లలకు అంచు నునుపు చేయడం వేరే నేర్పక్కర్లేదు. బిళ్లలో సగానికి తెల్ల రంగు వేసి, ఫోన్ స్లోమోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల మీద పైనుంచి తీయండి. తెల్ల సగం పది ఫ్రేములకు ఒకసారి చుట్టి వస్తే సెకనుకు 24 చుట్లన్నమాట. ఫెయిర్ జరిగే హాల్లో చెరువు ఉండదు కాబట్టి జడ్జీలకు చూపించేది కూడా ఈ వీడియోనే. యంత్రాన్ని అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు స్ప్రింగు ఊడదీసి వేరే సంచిలో పెట్టండి. చెయ్యి వాటంగా కనబడితే గడియ లాగి చూడని మనిషి ఉండడు.