మెడ మీద గడ్డం: వాలుకా, ఎదురుకా?

బరంపురం ఉక్కపోతలో గీసుకున్న మెడ మండిందంటే చొక్కా కాలరు కూడా శత్రువే. సేఫ్టీ రేజరుతో వెంట్రుకల వాలుకి గీస్తే కాస్త గరుకు మిగులుతుంది, మంట మాత్రం తక్కువ. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది. అయితే మరీ మొదలంటా తెగిన వెంట్రుక మళ్లీ మొలిచేటప్పుడు చర్మంలోకే గుచ్చుకుని పొక్కులు లేస్తాయి. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకి ఈ బాధ ఎక్కువ.

మెడ మీద వాలు అందరికీ కిందికే ఉండదు. కొందరికి పైకో పక్కకో తిరుగుతుంది. కాస్త పెరిగిన గడ్డాన్ని వేలితో నిమిరి చూస్తే తెలుస్తుంది. రేజరుని చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టుకోవాలి, నొక్కకూడదు. దాని బరువు చాలు.

నా ఓటు వాలుకే. పెళ్లికో, బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి జాతరకో నున్నగా కావాలంటే, మళ్లీ నురగ రాసి అడ్డంగా ఒకసారి గీయండి. ఎదురు జోలికి పోనక్కర్లేదు.